నాలుగు వారాల మసక

ఈసల్మి, నవంబరు 6

నా ముద్దుల ఇంకేరీ,

అక్క ఉత్తరం రాసిందంటే ఏదో మునిగిందనే అనుకుంటావు. మునిగింది. నాకు చూపు పోతోందే.

మూడు వారాలుగా లాప్‌టాప్‌లో అక్షరాలు బూడిదలో పడ్డట్టున్నాయి. పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దే నాకు కామాకీ చుక్కకీ తేడా తెలియడం లేదు. భయంతో పత్రిక విప్పడం మానేశాను. ఈ ఉత్తరమూ కిటికీ దగ్గర, కాగితం వంక సరిగ్గా చూడకుండానే రాస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లమంటావు. వెళితే ఆ మాట ఆయన నోటితో వినాలి కదా.

అమ్మకూ ఇలాగే, ఈ వయసులోనే మొదలైంది. పన్నెండేళ్లు నాన్న ఆమె చెయ్యి వదల్లేదు. ఒక్క మాట అనలేదు. కానీ ఆయన చేపల వల అటక మీదే చీకిపోయింది. ఆ బతుకు మా ఆయన ఓస్మోకి వద్దు. నేనేమీ చెప్పకుండానే అతను నా బల్ల దీపాన్ని రోజుకింత దగ్గరికి జరుపుతున్నాడు. కనిపెట్టేశాడన్నమాట. అడగడు, నేనూ చెప్పను. ముప్ఫై నాలుగేళ్లుగా మా కాపురం ఇంతే.

తుర్కులో మీ ఇంటి వెనకగది ఖాళీగా ఉందన్నావు. క్రిస్మస్ తర్వాత అక్కడికి వచ్చేస్తాను. ఏదో వంకన అతనితో పోట్లాట పెట్టుకుని వస్తాను, నిజమని నమ్ముతాడు. కాదనకు.

నీ
హిల్కా అక్క


ఈసల్మి, నవంబరు 14

ఇంకేరీ, నా బంగారూ,

ముందుగా నన్ను తిట్టు. తర్వాత చదువు.

అక్షరాలు పెద్దవి చేయించుకుందామని గురువారం లాప్‌టాప్ పట్టుకుని లైబ్రరీకి వెళ్లాను. అక్కడ ముసలివాళ్లే ముసలివాళ్లకి కంప్యూటర్ నేర్పుతారు. నాకు తెల్లెర్వోగారు దొరికారు. డెబ్భై ఎనిమిదేళ్లు, ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవారట. తెర చూడగానే, "ఏమ్మాయ్, చీకట్లో దెయ్యాలతో కూర్చుని చదువుతున్నావా?" అన్నారు.

"నా కళ్లు పోతున్నాయండీ."

"వెలుగు పెంచే మీట నొక్కావా?"

కన్ను పోతుంటే మీటేం చేస్తుందని నేను నొక్కనేలేదు. ఆవిడ నొక్కారు. తెర వెలుగు మారలేదు. ఆవిడ పక్కనున్న పత్రిక నా ముందుకు తోసి, "చదువు" అన్నారు. చావు ప్రకటనల దాకా, చిన్న అక్షరాలతో సహా, గడగడా చదివేశాను.

"కళ్లు పోయింది నీకు కాదు, దీనికి. కొత్త సిస్టం ఎక్కించావా?"

"మా ఆయన ఎక్కించాడు. నెలయింది."

"అదీ సంగతి! తెర వెనక దీపాన్ని ఎలా నడపాలో కొత్తదానికి తెలియలేదు." ఆవిడ, కంప్యూటర్ లేవగానే చదువుకునే ఫైల్లో ఒకే ఒక్క వాక్యం చేర్చి, ఆపి, మళ్లీ పెట్టారు. మీట నొక్కగానే తెర భగ్గున తెల్లబడింది. లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదు కానీ ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు. ఏడ్చాను.

అసలు సంగతి శనివారం సౌనాలో ఆవిరిస్నానం చేస్తుంటే తేలింది. నీకు తెలుసుగా, మా ఇంట్లో నోరు విప్పేది అక్కడే. రాళ్ల మీద నీళ్లు పోసి, ఆవిరి లేచాక, తెర బాగైందన్నాను. ఓస్మో తల దించుకున్నాడు.

"మొదటిరోజే చూశా, మసగ్గా ఉంది. వారం రోజులు తంటాలు పడ్డా, నా వల్ల కాలేదు. నువ్వు పల్లెత్తు మాట అనలేదు. బంగారంలాంటి లాప్‌టాప్ పాడుచేశానని మండిపడుతున్నావనుకున్నా. అందుకే దీపం జరుపుతూ వచ్చా."

నాకు సిగ్గేసింది. తెర మసకబారిందని అతను మాట మింగాడు, కళ్లు మసకబారాయని నేను మింగాను. ఒకరినొకరం కష్టపెట్టకూడదని ఒకే గదిలో నాలుగు వారాలు అవస్థ పడ్డాం. ఇక దాచలేక నీకు రాసిన ఉత్తరం గురించీ చెప్పేశాను, తుర్కు గది గురించీ, అబద్ధపు పోట్లాట గురించీ.

ఓస్మో ఇంకో గరిటెడు నీళ్లు పోశాడు.

"ఈసారికి కంప్యూటర్ కాబట్టి సరిపోయింది" అన్నాను. "నిజంగానే నా కళ్లు పోతే?"

"నాకు రెండున్నాయిగా" అన్నాడు. "చెరొకటి."

నీ పిచ్చి అక్క,
హిల్కా