లార్‌వుడ్ ఎరుపు

నారిచ్, 1841 మార్చి 4, గురువారం

మిసెస్ కాప్‌మన్ తన పోర్ట్రెయిట్‌ను బండిలో వేసుకుని వచ్చింది. పదకొండేళ్ల కిందట మా ఆయన వేసినది. మా ఇంటి పార్లర్‌లో కుర్చీకి ఆనించి దుప్పటి తీసింది. గౌను నీలం అలాగే ఉంది. ఒళ్లోని కుక్కపిల్ల అలాగే ఉంది. ముఖం మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉంది.

ఏమయ్యా లార్‌వుడ్, నేను బతికుండగానే శవపేటికలో పడుకోబెట్టావేమిటి అంది. బొమ్మ కన్నా మీరే కుర్రగా ఉన్నారు, ఇంతకన్నా ఏం కావాలండీ అన్నాడు ఆయన. సరసాలు తర్వాత, ముందు నా బుగ్గలు నాకిచ్చెయ్యి అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఈ ఏడాది ఇలా వెనక్కి వచ్చిన బొమ్మల్లో ఇది మూడోది.

సాయంత్రం అడిగాను. కార్మైన్ ఎరుపు అంతే, వెలుతురు తగిలే కొద్దీ ఎగిరిపోతుంది అన్నాడు. తెలిసే వేశారా అన్నాను. చర్మం కింద నెత్తురులా కనబడే ఎరుపు ఇంకొకటి లేదు, ఇరవై ఆరేళ్లుగా ఈ ఊరు నా గుమ్మం తొక్కింది నా మొహం చూసి కాదు, ఆ ఎరుపు చూసి అన్నాడు.

నిజమే. యార్మత్‌లో సత్రాలకు బోర్డులు రాసుకునే వాడి కొడుకు ఆయన. లండన్‌లో ఒక పెద్ద పెయింటర్ దగ్గర గౌన్ల మడతలు వేస్తూ నాలుగేళ్లు గడిపి వచ్చాడు. తర్వాత మేయర్లు, మాల్టు వ్యాపారుల భార్యలు, పెళ్లికి సిద్ధమైన ఆడపిల్లలు అందరూ మా మెట్లెక్కారు. ఎవరు ఏ రోజు బొమ్మకు కూర్చున్నారో, ఆ సిటింగ్‌ల పుస్తకం రాసేది నేనే. మూడువందల పన్నెండు ముఖాలు. అందరికీ అవే బుగ్గలు. లార్‌వుడ్ ఎరుపు అనేవారు.

మార్చి 5

రాత్రంతా ఒకటే ఆలోచన. మా అమ్మాయి ఫీబీకి పెట్టిందీ ఆ రంగే.

మార్చి 6

ఫీబీ పోయి ఎనిమిదేళ్లు. బొమ్మ వేసింది అంతకు ముందటి వసంతంలో, ఎనిమిది సిటింగ్‌లలో. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి పార్లర్‌లో కిటికీకి ఎదురుగా ఉంది. నాకు దాని ముఖమంటే ఈ బొమ్మే. వేరే ఏదీ లేదు.

ఆయన స్టూడియోలో ఉండగా దించాను. మేకులు తీసి ఫ్రేము ఊడదీశాను. నడుముకు కట్టిన ఎర్ర రిబ్బను కొస ఒకటి అంచు దాకా పోతుంది. కంటికి కనబడినంత మేర అది వాడిన గులాబీ రేకులా ఉంది. ఫ్రేము కప్పిన వేలెడు వెడల్పు మాత్రం అప్పుడే కోసిన చెర్రీలా ఉంది.

ప్రతి శనివారం ఈ బొమ్మను తుడుస్తున్నాను. ఒక్క శనివారమూ చూడలేదు.

మెత్తటి ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, పై గదిలో దుప్పట్ల బీరువాలో, చలికాలపు వాటి మధ్య పెట్టి తాళం వేశాను.

భోజనం దగ్గర ఆయన ఖాళీ గోడ చూశాడు. ఎక్కడ పెట్టానో చెప్పాను. నేను కళ్ల కోసం వేశాను, దుప్పట్ల కోసం కాదు అన్నాడు. మీ రంగును మీరు కాపాడుకోలేనప్పుడు నేను కాపాడతాను అన్నాను. ఇంత మాట ఆయనను ఎప్పుడూ అనలేదు.

మార్చి 7

గోడ మీద నలుచదరపు మచ్చ. ఆయన ఆ వైపు కుర్చీలో కూర్చోవడం మానేశాడు.

1842 మే 2

ఈ ఏడాది ఇంతవరకు సిటింగ్‌కు వచ్చినవాళ్లు ఇద్దరే. లండన్ నుంచి ఎవడో అద్దం బిగించిన పెట్టె ఒకటి తెచ్చి, రంగూ కుంచే లేకుండా నిమిషంలో ముఖాలు తీసి ఇస్తున్నాడట. వెనక్కి వచ్చినవి స్టూడియోలో పదమూడు ఉన్నాయి. ఆయన పొద్దున్నుంచి వాటికి బుగ్గలు దిద్దుతూ కూర్చుంటాడు. నువ్వేం చేస్తున్నావని బజార్లో ఎవరైనా అడిగితే, పాత నేరాలు తుడుస్తున్నానని చెబుతాడట.

నవంబరు 9, మధ్యాహ్నం 3

ఆయన మంచం పట్టి పదకొండు రోజులు. ఇవాళ ఫీబీని తీసుకురమ్మన్నాడు.

ఇరవై నెలల్లో ఆ ఫ్లానెల్ విప్పింది దాని పుట్టినరోజులకే, అదీ కొవ్వొత్తి వెలుగులో. ఇవాళ కిటికీ దగ్గర విప్పాను. పచ్చకామెర్లు వచ్చిన పిల్లలా ఉంది. కళ్లలో తెలుపు కూడా పచ్చబడింది.

ఆయన ఆశ్చర్యపోలేదు. నూనె రంగు చీకట్లో పచ్చబడుతుంది, మా పనిలో అది పసివాడికీ తెలుసు, ఎండలో పెడితే పోతుంది అన్నాడు. ఎండలో పెడితే ఎరుపూ పోతుంది కదా అన్నాను. పోతుంది అన్నాడు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నాను.

ఆ ఎరుపు దానిది కాదు హెస్టర్ అన్నాడు.

ఎవరి ముఖమైనా ముందు బూడిద రంగుతో, తెలుపుతో వేస్తాడు. ఉన్నది ఉన్నట్టు. ఎరుపు ఆఖరి సిటింగ్‌లో, పైన పలుచగా. అది నాకు తెలుసు. తెలియనిది ఇవాళ చెప్పాడు. మొదటి రోజే కనబడింది అన్నాడు. పెదాల చుట్టూ తెలుపు, కళ్ల కింద నీడ. ఈ పిల్లకు ఒంట్లో బాగాలేదు అనుకున్నాడట. ఉత్తరం కిటికీ వెలుతురులో ఎవరైనా ఇలాగే ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాడట. ఎనిమిదో రోజు అందరికీ పెట్టినట్టే దానికీ పెట్టాను, పెట్టాక నేనూ నమ్మాను అన్నాడు.

నేనూ నమ్మాను. అది రాయడానికే ఇవాళ కూర్చున్నాను. ఆ వేసవిలో ఫీబీ దగ్గుతుంటే మా అక్క రూత్, దీన్ని డాక్టరుకు చూపించవే, పిల్ల చిక్కిపోతోంది అంది. నేను అక్కను చెయ్యి పట్టుకుని పార్లర్‌లోకి తీసుకెళ్లాను. బొమ్మ చూపించాను. ఆ బుగ్గలు చూసి మాట్లాడు, నీ నోట మంచి మాట రాదు కదా అన్నాను. అక్క నోరు మూసుకుంది. డాక్టరు నవంబరులో వచ్చాడు. వసంతంలోనే పిలిచి ఉంటే అన్నాడు. ఆ వాక్యం పూర్తి చేయలేదు.

నేను ఏడవలేదు. బొమ్మను మళ్లీ చుట్టబోయాను. ఆయన ఫ్లానెల్ కొస పట్టుకుని, చుట్టకు, కాసేపు ఉండనీ అన్నాడు. ఆయన వేళ్లు విడదీసి చుట్టాను.

నవంబరు 23

పొద్దున ఆరు ముప్పావుకు పోయాడు. నిన్న సూపు రెండు చెంచాలు తాగాడు. క్షమించానని నేను చెప్పలేదు. ఆ మాట ఎవరు ఎవరికి చెప్పాలో తేల్చుకునేలోగా తెల్లవారింది.

1843 మే 15

బొమ్మను పై గదిలో దక్షిణం కిటికీ ఎదుట నిలబెట్టాను. తెర పూర్తిగా తీశాను. మొదటి రోజు ఆయన చూసిన ముఖం నేనూ చూడాలి.

రూత్ వచ్చి, పిచ్చిదానా, ఉన్న ఒక్కటీ పాడుచేసుకుంటావా అని తిట్టింది. అక్క పదకొండేళ్ల కిందట కూడా సరిగ్గానే చెప్పింది.

జూన్ 3

ఎండ ఆరు గంటలు. కళ్లలో పచ్చదనం పోయింది.

జూలై 20

ఎండ ఏడు గంటలు. ఎడమ బుగ్గ ఖాళీ అయింది. భరించలేక తెర వేశాను. అరగంట తర్వాత మళ్లీ తీశాను.

ఆగస్టు 30

బట్టలు ఉతకడానికి కొత్తగా వస్తున్న మిసెస్ స్కీట్ దుప్పట్ల కోసం పైకి వచ్చింది. బొమ్మ ముందు ఆగిపోయింది. ఎవరమ్మగారూ ఈ పాప, ఒంట్లో ఇంత బాగాలేకపోతే డాక్టరును పిలవలేదా అంది.

లేదన్నాను.