మరకతామృతానికి మూడు ఈలలు

3, సోమవారం

అక్క వెళ్ళింది. మూడు వారాల శిక్షణ. తను నర్సు, కొత్త యంత్రాలేవో నేర్పుతారట. బస్సెక్కుతూ కూడా నా పరువు తీసింది.

"గిటారన్నావు, తీగ తెగింది. అల్లికలన్నావు, ఒంటిచేతి స్వెట్టరు ఇప్పటికీ బీరువాలో ఉంది. పరుగన్నావు, ఆ బూట్లు మీ బావ వేసుకుంటున్నారు. ఒక్క పని, ఒకే ఒక్క పని చివరిదాకా చేసి చూపించవే!"

పందెం ఇదీ. అక్క తిరిగొచ్చేసరికి పిల్లలిద్దరూ చెరో గ్లాసు ఆకుపచ్చ స్మూతీ పేచీ లేకుండా తాగాలి. తాగితే డాబా మీది గది నాకిమ్మని ఇంటివారిని అడుగుతుంది. తాగకపోతే నేను మళ్ళీ హాస్టల్‌కి.

డాబా గది! కిటికీ. బల్ల. గడియ ఉన్న తలుపు! ప్రస్తుతం హాల్లో మడతమంచం మీద, బొమ్మ రైళ్ళ మధ్య పడుకుంటున్నాను. నిన్న నిఘంటువు తెరిస్తే ‘క్ష’ దగ్గర సగం కొరికిన బిస్కెట్టు దొరికింది.

చిక్కల్లా ఒకటే. పచ్చగా ఉన్నదేదీ వీళ్ళు నోట పెట్టరు. బుడంకాయ (ఐదేళ్ళు) ఆకుపచ్చ చొక్కా కూడా తొడుక్కోడు. వాడి అక్క ప్లీడరు (తొమ్మిదేళ్ళు) తొడుక్కుంటుంది గానీ, ఎందుకు తొడుక్కోవాలో ముందు రుజువు చెయ్యమంటుంది.

పర్వాలేదు. నా దగ్గర మాటలున్నాయి! సాహిత్యం రెండో ఏడాది చదువుతున్నదాన్ని. మంచి పేరు పెడితే సగం గ్లాసు దానంతటదే దిగుతుంది.

4, మంగళవారం

ఉ. 6.00. పాలకూర, కీరదోస, పుదీనా, పచ్చ ఆపిల్, అల్లం, నిమ్మరసం. మిక్సీ మోత.

6.15. ఏం రంగు! పేరు: మరకతామృతం. రాస్తుంటేనే నోరు చల్లబడింది.

6.20. ఒక గుక్క తాగాను.

6.21. పేరు బాగుంది.

6.30. పిల్లలు లేచారు.

"ఇదేంటి పిన్నీ?"

"మరకతామృతం. దేవతలు తాగేది."

"అయితే దేవతల్నే తాగమను," అంది ప్లీడరు.

బుడంకాయ గ్లాసులోకి చాలాసేపు చూశాడు. "దీంట్లో కప్ప ఉందా?"

"లేదు నాన్నా."

"మరెక్కడికెళ్ళింది?"

ఫరవాలేదు. మొదటి రోజే కదా! ఉత్సాహం చెక్కుచెదరలేదు.

5, బుధవారం

ప్లీడరు ఒప్పందానికి వచ్చింది. షరతులు తనే చెప్పింది.

"నువ్వు తాగితే మేమూ తాగుతాం. నువ్వు వంటింట్లో, మేం బాల్కనీలో. ఎవరూ ఎవర్నీ చూడకూడదు. గ్లాసు ఖాళీ అయితే తాగినట్టే."

"చూస్తే ఏం?"

"నిన్న పొద్దున తలుపు చాటునుంచి, తాగేటప్పుడు నీ మొహం చూశాం పిన్నీ. అది చూశాక మాకు తాగబుద్ధి కాదు."

న్యాయంగానే తోచింది. ఒప్పుకున్నాను.

6, గురువారం

ఖాళీ!!! రెండు గ్లాసులూ ఖాళీ! ఇద్దరికీ మూతుల మీద ఆకుపచ్చ మీసాలు! ఇవాళ్టి పేరు ‘హరిత చంద్రిక’. కళ్ళు చెమర్చాయి. మాటకి ఇంత బలముందని తెలుసు గానీ, ఇంత తొందరగా పని చేస్తుందనుకోలేదు.

అదే సమయానికి కింద విజిల్ తాతగారు ఒక ఈల ఊదారు, నాకు అభినందన చెప్పినట్టు. ఆయనే ఇంటివారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు, కింద ఒక్కరే ఉంటారు. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కరు. మెడలో విజిల్ మాత్రం తియ్యరు. ఎందుకూదుతారో ఎవరూ అడగరు.

నా గ్లాసా? తాగుతున్నాను. మూడు గుక్కలు నాకు, మిగతాది సింకుకి. ఇది మోసం కాదు. అలవాటు పడే దశ.

9, ఆదివారం

బావ బేకరీ నుంచి విరిగిన బిస్కెట్లు తెచ్చారు. రోజూ తెస్తారు. తెల్లారకముందే వెళ్ళి, ఒళ్ళంతా వేడి రొట్టె వాసనతో వస్తారు. స్మూతీ శత్రువుల్లో ఇంత కమ్మటి వాసన వేసేవాళ్ళుండకూడదు.

"ఏం మరదలు పిల్లా, పిల్లలు గడ్డి మేస్తున్నారట?"

"గడ్డి కాదు బావా, వనమాధురి."

"ఏదీ, కాస్త వనమాధురి పొయ్యి."

పోశాను. తాగారు. కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశారు.

"మా బేకరీలో నేల కడిగే మందొకటుంటుంది..."

"చెప్పండి."

"వద్దులే. దాని వాసన బాగుంటుంది."

అంటే అననీ! పిల్లల గ్లాసులు రోజూ ఖాళీ అవుతున్నాయి. అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

"నిజంగానే? ఒట్టు?"

"ఒట్టు!"

 అక్క మెత్తగా, "నీలోనూ ఏదో ఉందే," అంది. ఇన్నేళ్ళలో ఆ గొంతుతో నాతో మాట్లాడ్డం ఇదే. గదికి తెరలు ఏ రంగువో కూడా అనుకున్నాను. ఆకుపచ్చ మాత్రం కాదు.

12, బుధవారం

సింకు మూసుకుపోయింది. ప్లంబరు వచ్చి గొట్టం విప్పి, లోపలికి తొంగిచూసి, గౌరవంగా అడిగాడు.

"అమ్మా, ఇందులో ఏమైనా పండిస్తున్నారా?"

నాలుగు రోజులు సింకు ముట్టుకోవద్దన్నాడు.

ఇవాళ ‘జిగట’ అనే మాట గురించి ఆలోచించాను. ఎంత నిజాయితీ గల మాట! అనగానే నాలుక అంగిలికి అతుక్కుంటుంది. స్మూతీకి అదే పేరు పెట్టాలనిపించింది. పెట్టలేదు. ‘పచ్చరసం’ అని సరిపెట్టాను. పేర్లు అయిపోతున్నాయి.

ఒక విశేషం. బుడంకాయ మీసం చివర్లు ఇవాళ మెలితిరిగి ఉన్నాయి. స్మూతీకి అంత పనితనం ఉంటుందా?

కింద మూడు ఈలలు. వ్యాయామం పెంచారు కాబోలు.

14, శుక్రవారం

ఇది రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

సింకు లేదు. గ్లాసు పట్టుకుని పూలకుండీ కోసం బాల్కనీలోకి వెళ్ళాను. ఒప్పందం ప్రకారం వెళ్ళకూడదు. వెళ్ళాను.

ప్లీడరు తాడు వదులుతోంది. తాడు చివర కూరగాయల బుట్ట. బుట్టలో రెండు నిండు గ్లాసులు. బుడంకాయ చిన్న అద్దం ముందు కూర్చుని, డ్రాయింగు రంగులతో శ్రద్ధగా మీసం దిద్దుకుంటున్నాడు.

వాళ్ళు నన్ను చూశారు. నా చేతిలోని నిండు గ్లాసునీ చూశారు. అక్కడ ఎవరూ ఎవర్నీ కోప్పడే స్థితిలో లేరు.

బుడంకాయ కుంచె పక్కన పెట్టి, "నీది కూడా పెట్టు పిన్నీ, చోటుంది," అన్నాడు.

పెట్టాను.

బుట్ట దిగింది. కాసేపటికి కింద నుంచి రెండు ఈలలు.

"ఒకటంటే అందిందని," ప్లీడరు వివరించింది. "రెండంటే బాగుందని. మూడంటే అల్లం ఎక్కువైందని."

"తాతగారికి ఏం చెప్పారే?"

"పిన్ని పంపింది అని. నిజమేగా? నువ్వే కదా చేసింది?"

నిజమే. ఈ పిల్లతో చిక్కే అది.

అక్కకి ఫోన్ చెయ్యాలి. ఒట్టు వేశాను కదా. రేపు చేస్తాను.

17, సోమవారం

ఫోన్ చెయ్యలేదు. తను శిక్షణలో ఉంది, మనసు పాడు చెయ్యడం దేనికి?

ఇంకా వారం ఉంది. ఈలోగా నిజంగానే తాగించేస్తే, వేసిన ఒట్టు కాస్త ఆలస్యంగా నిజమవుతుంది. అంతే.

ప్రయత్నాలు: ఐసు పుల్లలా గడ్డకట్టించాను. బుడంకాయ దాంతో గోడ మీద ఏనుగు గీశాడు. స్ట్రా వేసి ఇచ్చాను. బుడగలు ఊదారు. కళ్ళకి గంతలు కట్టాను. "ఆకుపచ్చ వినబడుతోంది," అన్నాడు బుడంకాయ.

మధ్యలో తాతగారి గ్లాసులు మాత్రం వేళకి దిగుతున్నాయి. అల్లం తగ్గించాను. రెండు ఈలలు! నేను చేసిన పనికి ఇంతవరకూ ఎవరూ రెండు ఈలలు ఊదలేదు. ఆయన కింద తాగుతుంటే మేం ముగ్గురం పైన బాల్కనీలో కూర్చుని బావ తెచ్చిన విరిగిన బిస్కెట్లు తింటున్నాం. ఎవరూ ఒప్పందం ఊసెత్తడం లేదు.

20, గురువారం

ఆఖరి అస్త్రం. వాళ్ళ కళ్ళెదుటే నిండు గ్లాసు తాగి చూపిస్తానన్నాను. బల్ల ముందు వరసగా కూర్చోబెట్టాను.

మొదటి గుక్క. రెండోది. మూడోది సగం.

"పిన్నీ, ఏడుస్తున్నావా?"

"లేదు నాన్నా. ఆనందం."

ప్లీడరు లేచి వెళ్ళి రుమాలు తెచ్చింది. బుడంకాయ తన బిస్కెట్టు నా నోట్లో పెట్టాడు. మిగిలింది బుట్టలో పెట్టి దించేశాం.

ఇవాళ పేరు లేదు. ‘అది’ అంటున్నాం.

22, శనివారం

సాయంత్రం అక్క వచ్చింది. తనిఖీ రేపు ఆరున్నరకి. పుస్తకాలు పెట్టెలో సర్దాను. డాబా మీదికో, హాస్టల్‌కో.

23, ఆదివారం

బల్ల మీద రెండు నిండు గ్లాసులు. ఎదురుగా కుర్చీ వేసుకుని అక్క. ఇది చూడ్డానికని సెలవు పెట్టి మరీ బావ, చేతిలో బిస్కెట్టుతో.

"ఊఁ, తాగండి," అంది అక్క.

బుడంకాయ గ్లాసుని చూశాడు. గ్లాసు బుడంకాయని చూసింది.

కింద నుంచి ఒక ఈల. ఎవరూ కదల్లేదు. ఇంకో ఈల, పొడుగ్గా. తర్వాత మెట్ల మీద అడుగులు. ఆగుతూ, ఆగుతూ, ఎక్కుతూ. చూస్తే గుమ్మంలో విజిల్ తాతగారు!

"టైమెంతయిందమ్మా? బుట్ట ఇంకా దిగలేదేం?"

"ఏ బుట్టండీ మాస్టారూ?" అంది అక్క.

"అదేనమ్మా, మీ చెల్లెలు రోజూ పంపేది. పిల్లలు ఏదో గొప్ప పేరు చెప్పారు... ఆఁ, ఇదిగో, ఇక్కడే ఉందిగా!"

బల్ల మీది గ్లాసు తీసి గటగటా తాగేశారు. రెండోది కూడా. మూతి తుడుచుకుని, అలవాటు కొద్దీ రెండు ఈలలు ఊదారు. గదిలో ఆ మోతకి బావ చేతిలో బిస్కెట్టు రెండు ముక్కలైంది.

అక్క నన్ను చూసింది. నేను ప్లీడర్ని చూశాను. ప్లీడరు గొంతు సవరించుకుంది.

"అమ్మా, ఒప్పందం ప్రకారం గ్లాసు ఖాళీ అయితే..."

"నువ్వు నోరు ముయ్యి." తర్వాత నా వైపు తిరిగి, నెమ్మదిగా: "ఒట్టు వేశావు కదే."

తిట్టి ఉంటే బాగుండేది.

"వేసినప్పుడు నాకూ తెలీదక్కా. తెలిశాక చెప్పలేదు. పెట్టె సర్దే ఉంది. హాస్టల్‌కి పోతాను."

"హాస్టలేమిటి?" తాతగారు ఉలిక్కిపడ్డారు. "మరి రేపు బుట్ట ఎవరు దించుతారు?"

జేబులో వెతికి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "డాబా గది ఖాళీగానే ఉందిగా. ఉండు. బుట్ట ఆరున్నరకి దిగాలి. అల్లం తక్కువ."

ఆయన వెళ్ళాక అక్క మిక్సీ తీసి నా చేతిలో పెట్టింది. "గది ఆయనది, ఆయనిష్టం. ఈ మోత నా వంటింట్లో వద్దు. పందెం మాత్రం నువ్వు ఓడావు. స్వెట్టరు పక్కన ఇదొకటి."

తాళంచెవి నా గుప్పిట్లో ఉంది. అయినా గెలిచినట్టు లేదు.

24, సోమవారం

ఉ. 6.00. నా గది! నా కిటికీ! నా బల్ల మీద మిక్సీ.

6.30. కిటికీలోంచి బుట్ట దించాను. కొత్త తాడు, పొడుగుది. డాబా నుంచి అక్కావాళ్ళ బాల్కనీ మీదుగా కిందికి.

6.35. నాలుగు ఈలలు. ఇదేమి సంకేతం?

"తాతగారూ, నాలుగంటే ఏంటండీ?" అని అరిచాను.

"బుట్ట వచ్చింది, సరుకు రాలేదు!"

6.45. మళ్ళీ చేసి దించాను. ఈసారి కిటికీలోంచి వంగి చూశాను.

బుట్ట బాల్కనీ ముందుకి రాగానే రెండు చిన్న చేతులు బయటికొచ్చాయి. గ్లాసులు లోపలికెళ్ళాయి.

"తొందరగా తాగరా, పిన్ని చూస్తుంది!"

బుడంకాయ ఊపిరి తీసుకోకుండా తాగాడు. తల ఎత్తాడు. మూతి మీద ఆకుపచ్చ మీసం. నాలుక చాపి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా నాకేశాడు.

రంగైతే నాకడు!

పక్కనే వంటింటి కిటికీలోంచి అక్క తల బయటికొచ్చింది. వాళ్ళని చూసింది. పైకి నన్ను చూసింది. నేను నోరు తెరవబోతుంటే, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

సరే. రేపటి నుంచి బుట్టలో నాలుగు గ్లాసులు. తాతగారికి రెండు, దొంగలకి రెండు. చూసినట్టు ఎవరూ బయటపడకూడదు.

ఐదోది నాకు. నిండుగా, సింకు లేకుండా, కుండీ లేకుండా. ఈసారి నిజంగా! రేపు కాదు, ఇప్పుడే మొదలు. పేరు పాతదే: మరకతామృతం.

6.58. ఒక గుక్క తాగాను.

6.59. పేరు బాగుంది.