డ్రైవర్ కావాలన్నాను

జూన్ 4, 2023. అల్ కుసైస్, దుబాయ్

గ్యారేజీలో కార్ల ఇంజిన్ లోపాలు పట్టే స్కానర్ చూసే అతను మానేసి వెళ్లిపోయాడు. తన ల్యాప్‌టాప్ తనతో పట్టుకుపోయాడు. ముదీర్, అంటే మా మేనేజర్, కారుకు తగిలించే యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి నా చేతిలో పెట్టాడు. దీన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పనిచేయించు, ఆ రోజే నీ లీవు మీద సంతకం పెడతానన్నాడు. నెలాఖరుకు ఊళ్లో నా భార్య మహబూబున్నీసా కాన్పు. మొదటి బిడ్డ. నేనక్కడ ఉండాలి.

నేను కార్ల ఏసీ మెకానిక్‌ని. కంప్యూటర్ ముందు కొత్తల్లుడిలా ఉంటాను, ఏది ముట్టుకోవాలన్నా మొహమాటం.

జూన్ 6

అడాప్టర్ కారుకు తగిలించాను. ల్యాప్‌టాప్ గుర్తుపట్టలేదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు. డ్రైవర్ లేదట, అంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్.

ముదీర్ ఎవరితోనో ఫోన్లో ఉన్నాడు. గుమ్మంలో నిలబడి, సాబ్, డ్రైవర్ నహీ హై, డ్రైవర్ చాహియే అన్నాను. తలూపాడు.

జూన్ 7

డ్రైవర్ వచ్చాడు. పేరు రాజలింగం, జగిత్యాల మనిషి. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ క్యాంపు నుంచి పొద్దున్నే పిలిపించారట. ఏ బండి నడపాలె తమ్మీ అని అడిగాడు. ల్యాప్‌టాప్ చూపించాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ముదీర్ నవ్వలేదు. పొరపాటు ఒప్పుకుంటే పరువు పోతుంది కదా. ఉండనీ, నీకు హెల్పర్ అన్నాడు.

జూన్ 9, శుక్రవారం

అడాప్టర్‌తో వచ్చిన సీడీ పెట్టాను. ఇన్‌స్టాల్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంది. నా చెయ్యి ఆగిపోయింది. కుక్కను కట్టేయమనే చుట్టాన్ని నమ్మొచ్చు, తలుపు గడియ తీసి పడుకోమనేవాణ్ణి ఎట్లా నమ్మేది? మా అందరి వీసా కాగితాలు అందులోనే ఉన్నాయి. వైరస్ పడితే లీవు సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే ఖలాస్.

సీడీ తీసేశాను. ముదీర్ యల్లా యల్లా అని తొందరపెడుతూనే ఉన్నాడు.

జూన్ 12

ప్రొద్దుటూరులో నా బావమరిది ఫరాజ్‌ది కంప్యూటర్ షాపు. ఫోన్ చేశాను. ఆ సీడీ జోలికి పోవద్దు బావా అన్నాడు. అడాప్టర్‌లో చిప్ ఏ కంపెనీదో చూసి, వాళ్ల సొంత సైటు నుంచే డ్రైవర్ దించుకోమన్నాడు. ముందు రిస్టోర్ పాయింట్ పెట్టుకుంటే, తేడా వస్తే వెనక్కి రావచ్చట.

జూన్ 13, మధ్యాహ్నం

రిస్టోర్ పాయింట్ పెట్టాను. అడాప్టర్ పీకేసి, చిప్ కంపెనీ సైటు నుంచి దించిన డ్రైవర్ ఇన్‌స్టాల్ చేశాను. యాంటీవైరస్ నోరెత్తలేదు. విండోస్ అనుమతి అడిగినప్పుడు కంపెనీ పేరు కూడబలుక్కుని చదివి, అప్పుడు నొక్కాను. రీస్టార్ట్. అడాప్టర్ తగిలించాను. పసుపు గుర్తు లేదు. ఇంజిన్ కోడ్లన్నీ స్క్రీన్ మీదికి వచ్చాయి.

రాజలింగం నా వీపు చరిచాడు. ఎంత సంతోషంగా ఉందో.

జూన్ 14

ముదీర్ సంతకం పెట్టలేదు. ఈ పని తెలిసినవాడివి నువ్వొక్కడివే, నువ్వు పోతే ఎవరు చూస్తారన్నాడు. పాస్‌పోర్ట్ ఆయన సొరుగులో ఉంది. నా చేత్తో నేనే గొళ్లెం పెట్టుకున్నాను. ఒళ్లు మండిపోతోంది.

జూన్ 15

మళ్లీ వెళ్లి బతిమాలాను. ఇంకొకరికి నేర్పితే పంపుతాడట. రాజలింగం ఉన్నాడుగా అన్నాను. ముదీర్ సరేనన్నాడు.

జూన్ 20

నేర్పుదామంటే రాజలింగానికి ఒకరోజు కళ్లజోడు ఉండదు, ఇంకోరోజు తలనొప్పి.

జూన్ 24

ఆడపిల్ల. వీడియోలో చూపించారు. నిద్రపోతోంది. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

జూన్ 25

రాజలింగం మిఠాయి తీసుకున్నాడు, బిడ్డను దీవించాడు. ల్యాప్‌టాప్ ముందు కుర్చీలో మాత్రం కూర్చోలేదు. ఆగస్టులో తన లీవట. నేర్చుకున్నోణ్ణి పోనియ్యరు తమ్మీ అన్నాడు.