మా భయం నీదని చెప్పు

కొత్తగూడ, నవంబరు 1998

అన్నయ్యకు నమస్కారాలు.

నెలాఖరుకు నువ్వు లింగంపల్లిలో రైలు దిగుతావని తెలిసి మా అత్త సీతాబాయి సంబరపడుతోంది. కారులో వచ్చి నిన్ను తీసుకురావాలని ఆమె పట్టు. మామ పోయినప్పటి నుంచి షెడ్డులో పడి ఉన్న ఆ పాతకాలం నల్ల కారే. రోడ్డు వెడల్పులో షెడ్డు పోతుందని మా ఆయన దాన్ని బయటికి తీశాడు. బ్యాటరీ మార్చి, పెట్రోలు ట్యాంకు కడిగించి, ఎలాగో స్టార్ట్ చేశాడు. ఇంజిన్ శబ్దం వినగానే అత్త ఏడ్చేసింది.

మొన్న ముగ్గురం హైటెక్ సిటీ వైపు వెళ్లాం. రోడ్డు దిగుడులో ముందున్న లారీ ఆగింది. ఈయన బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. కొత్త బిల్డింగు కోసం పోసిన ఇసుక కుప్పలోకి తిప్పాడు కాబట్టి బతికాం. బ్రేకు పడలేదని అత్తకు తెలియనే లేదు. "మీ నాయన గూడ గిట్లనే తిప్పుతుండె బిడ్డా" అని నవ్వింది.

మెకానిక్ బ్రేకు పైపులు మార్చాడు కానీ, "గింత పాత బండికి నేను పూచీ పడనమ్మా" అన్నాడు. ఈయన, "స్టీరింగ్ పట్టాలంటే భయమైతున్నది. అమ్మకెట్ల చెప్పాలె? ఇన్నేండ్లకు నవ్వింది" అంటున్నాడు. నాకూ నోరు రావడం లేదు.

అన్నయ్యా, పాత బండ్లంటే నీకు దడ అని, ఆటోలోనే వస్తానని అత్తకు ఒక కార్డు రాయి. నీ మాట ఆమె కాదనదు. నువ్వు పిరికివాడివని అత్త వాడకట్టంతా చెప్పుకుని నవ్వుతుంది. నవ్వనీ. మా భయం నీదని చెప్పు.

నీ చెల్లెలు