బెంగళూరు సీటు

ప్రొద్దుటూరు,
12-12-1989.

యూనుస్‌కు గంగులయ్య రాసేది. ఇక్కడ నేను, మా ఇంట్లోవాళ్లు బాగున్నాము. జమ్మలమడుగులో నీవు ఎట్లున్నావని అడగను. కేసు కొట్టేసిన నాలుగో దినం నీ అంత క్షేమంగా ఉండే మనిషి ఆ తాలూకాలో ఇంకొకడు ఉండడు.

మండలం ఎలక్షన్ల నాడు పోలింగు బూతు ముందర మన సంఘం పుల్లన్నను నరికినప్పుడు ఊరంతా గుడ్డిదైపోయింది. చూసినానని నోరు తెరిచింది నువ్వు ఒక్కనివే. నరికినోళ్ల పేర్లు, నరికించినాయన పేరు పోలీసులకు చెప్పింది నువ్వే. ఉర్దూ బడి పంతులుకు ఇంత గుండె ఉందా అని నేను ఊరూరా చెప్పుకొని తిరిగినా. మొన్న బోనెక్కి ఏమంటివి? దుమ్ము లేసింది, మనుషులు సరిగ్గా కనపడలేదు అంటివి. ఆ దుమ్ము రెండేండ్లు ఎక్కడో ఆగి, ఇప్పుడొచ్చి నీ కండ్లలో పడిందన్నమాట. మన వకీలు నెత్తి పట్టుకున్నాడు. అవతలోళ్లు కోర్టు బయటే టపాకాయలు కాల్చినారు. నువ్వు వెనక దారిన పోతివి కాబట్టి నీకు తెలిసి ఉండదని రాస్తున్నా.

ఇంక అసలు సంగతికి వస్తా. నీ కూతురు నూరున్నీసా సంగతి.

ఆ పిల్ల ఎవరి దయతోనూ డాక్టరు సీటు తెచ్చుకోలేదు. కిరసనాయిలు దీపం కింద చదివి తెచ్చుకుంది. కర్నూలులో సర్కారు సీటు. నీ జీతంలో తేలిగ్గా కట్టగలిగే ఫీజు. ఆ పిల్ల ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కించి, కర్నూలుదాకా పోయి హాస్టల్లో దించి వచ్చింది నేను. రెండు నెలలు తిరక్కముందే నువ్వు పోయి పిలుచుకొస్తివి. ఆడ ఆ పిల్లకు ఎవరూ లేరు, బెంగళూరులో అయితే మేనత్త మైమూన్ ఉంది, వేళకు ఇంత అన్నం పెడుతుంది, జ్వరమొస్తే పక్కన కూర్చుంటుంది అంటివి. ఎవరూ లేకపోవడమేంది? కర్నూలు సంఘంలో మనోళ్లు ఉన్నారు, నెలనెలా నేను పోయి చూసొస్తానని మీ ఇంటి గడపలో నిలబడి చెప్పినా. నీ భార్య దిల్షాద్‌బీ టీ ఇచ్చింది గానీ తలెత్తి నా ముఖం చూడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

సరే, నేనూ ఆడపిల్ల తండ్రినే. మేనత్త అండ చిన్నది కాదని ఒప్పుకుంటా. కానీ ఆ బెంగళూరు సీటు డొనేషన్ సీటు గదా! డొనేషన్ కాలేజీల్లో డాక్టర్లు తయారు కారు, దుకాణందార్లు తయారవుతారని ఇదే ప్రొద్దుటూరు నడిబజారులో మైకు పగిలేటట్టు అరిచింది ఎవరి గొంతు? నాది కాదు, నాకు ఆ దినం గొంతు పోయింటే నా బదులు అరిచినోనివి నువ్వు. ఆ మాట నీకు గుర్తు లేకపోవచ్చు. విన్నోళ్లకు గుర్తుంది. నాలుగు దినాలుగా నన్ను హోటల్లో ఆపి అడుగుతాండారు.

ఇంకోటి కూడా చెప్తాండారు. పుల్లన్నను నరికించినాయన అల్లుడే బెంగళూరు పోయి ఆ సీటుకు దుడ్లు కట్టొచ్చినాడంట. పత్తి మార్కెట్లో హమాలీలు కూడా నవ్వుకుంటాండారు. కాదని రాయి. ఒక కార్డు ముక్క మీద కాదు అని రెండక్షరాలు రాయి, నీ కాళ్లు మొక్కుతా.

ఆ పెద్దమనిషి ఈ ఎలక్షన్లలో పార్టీ మారినాడు, కొడవలి మారలేదు. వాడు మనకు ఏం చేసినా నాకు కోపమే గానీ ఆశ్చర్యం లేదు. వాడు పగోడు. ద్రోహం చేయాలంటే మాత్రం పక్కన కూర్చోని ఒకే తట్టలో అన్నం తిన్నోడే కావాల.

పుల్లన్న పెండ్లాం రామేశ్వరమ్మ పులివెందుల పక్కన తమ్ముని ఊర్లో చీనీతోటలకు కూలికి పోతాంది. తీర్పు సంగతి ఆమెకు చెప్పడానికి నాకు కాళ్లు రావడంలేదు. నువ్వే పోయి చెప్పు. నీ బిడ్డ డాక్టరయ్యేది ఎవరి నెత్తుటి మీదనో కూడా చెప్పు.

ఇంక మన మధ్య రాతకోతలు వద్దు, మామా అని పిలుచుకునేదీ వద్దు.

ఇన్నాళ్లూ నీవాడు,
గంగులయ్య.

తా.క.: కవరు అంటించే లోపల రామేశ్వరమ్మే పులివెందుల బస్సు దిగి మా ఇంటికొచ్చింది. తీర్పు ఆమెకు ముందే తెలుసు. ధైర్యంగా ఉంటుందని ఈ ఉత్తరం చదివి వినిపించినా. అంతా విని, "ఆ యప్పను తిట్టొద్దప్పా, చేయమనింది నేనే" అనింది.

కర్నూలు హాస్టలుకు ఆ పెద్దమనిషి మనుషులు ఇద్దరు పోయి, మీ నాయన పంపినాడని పాప చేతికి సంచెడు చీనీకాయలు ఇచ్చొచ్చినారంట. అది బెదిరింపని తెలిసి నువ్వు పరుగెత్తింది నా కాడికి కాదు, ఆమె కాడికి. ఆమే రాజీకి కబురు పంపిందంట. రాజీ అయితే సచ్చినోని ఇంటికి దుడ్లు ఇచ్చే ఆనవాయితీ నాకు తెలియంది కాదు. "ఆ దుడ్లతో నా ఇంట్లో అన్నం ఉడకదు. పాపను వాళ్ల అత్త కాడ పెట్టి చదివించమని నేనే వాళ్లతో కట్టించినా" అనింది. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నీకు చెప్తే మీటింగు పెడతావని" అనింది.

పైన రాసిందాంట్లో ఒక్క అక్షరం కొట్టేయను. ఒకనివి చేసినావనుకుంటే ఇద్దరూ కలిసి నన్ను మోసం చేసినారు.

ఆమె వచ్చిన పని వేరే. కేసు అయిపాయె, వచ్చే ఏడు ఫీజు వాళ్లు కడతారో కట్టరో అని ఆమెకు దిగులు. నన్ను ఆ పెద్దమనిషి ఇంటికి పోయి అడగమంటాంది. "నీకు మాట్లాడేది వచ్చు గదప్పా" అంటాంది. లోపలికొచ్చి ఇది రాస్తాండా. ఆమె ఇంకా అరుగు మీదే కూర్చోని ఉంది.

ఏం చెప్పమంటావు మామా?