నేను అతికించిన పలక

అమ్మా, నేను కులాసా, కంగారు పడకు.

మా సర్ఫింగ్ షెడ్డులో, అదే అలల మీద స్వారీ చేసే పలకలు బాగుచేసే చోట, ఒక పద్ధతి ఉంది. విరిగిన పలకను ఎవరు అతికిస్తే, ముందుగా వాళ్ళే దాన్ని సముద్రంలోకి తీసుకెళ్ళాలి. నిన్న నా వంతు. ఆ పలకకి అడుగున నిలువు కడ్డీ, దాని చివర రెక్క ఉంటాయి. కడ్డీ బిగించే చోటే పగిలింది. మూడు రోజులు ఆరబెట్టి, జిగురు పట్టించి, నున్నగా రుద్దాను.

చేతిలో చిన్న తెరచాప పట్టుకుని పలక మీద నిలబడ్డాను. గాలి ఒక్క తోపు తోసింది. అంతే, పలక నీళ్ళు వదిలి మూరెడు పైకి లేచింది! కింద రెక్క ఒక్కటే నీళ్ళలో ఉండి నన్ను మోస్తోంది. పలకకి నీళ్ళు కొట్టుకునే చప్పుడు ఠక్కున ఆగిపోయింది. చెవులు పోయాయేమో అనుకున్నాను. అంత పెద్ద అల నా పాదాల కిందనుంచి మెల్లగా సాగిపోయింది. ఒడ్డుకొచ్చాక "ఎలా ఉందే?" అన్నాడు మా షెడ్డు మేస్త్రీ. పలక తిప్పుకుని మళ్ళీ నీళ్ళలోకి నడిచాను.

అక్కకి జ్వరం తగ్గిందా? పెరటి తలుపు గడియ బిగించారా? నా ఊలు స్వెట్టరు పంపు. అక్క పిల్లలకి ముద్దులు, మీ ఇద్దరికీ దండాలు.

నేను అతికించిన కుర్చీలో, విరుగుతుందేమోనని నాన్న ఇంకా కూర్చోవడం లేదా? నేను అతికించినదాని మీద నేనే నిలబడ్డానని చెప్పు, అదీ నడిసముద్రంలో. ఇక కూర్చోమను.

నీ చిన్నది