తొమ్మిది సొరుగులు

అమ్మకు,

నీ చిన్నకూతురు నమస్కరించి రాసే ఉత్తరం. నాన్నా నేనూ ఇక్కడ కుశలంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అక్కా, బావా, పసివాడూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. ఈ రెండు వాక్యాలు రాయడానికే నాకు పావుగంట పట్టింది. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. మధ్యలో ఆపకు. అక్కకు మాత్రం వినిపించకు, పచ్చి బాలింత.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న కంటి చుక్కలు వేయించుకుంటున్నాడు, కాకపోతే రోజూ మొహం తిప్పేసుకుని నాతో కుస్తీ పట్టిస్తాడు. వంటింటి కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. వీధిలో ఇంకా అందరితో గొడవ పడుతున్నావా అని అడిగావు. ఈ నెలలో రెండే. ఆ రాజకీయాల చిన్న పుస్తకాలు ఇంకా ఇంటికి తెస్తున్నావా అన్నావు. తేవడం లేదమ్మా. మంచం కింద పెట్టె ఖాళీ చేసేశాను. ఇది చదివి నువ్వు సంతోషపడతావేమో, అప్పుడే పడకు.

నాన్న సంగతి చెప్పమన్నావు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే, పాత సామాన్లవాడి దగ్గర కొన్న తుప్పు తాళం ఒకటి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండు సన్నటి ఊచలతో దాన్ని కదుపుతూ కూర్చుంటాడు. గిరాకీ కోసం కాదు, సరదాకి. అది టక్కున తెరుచుకుంటే ఇక ఆ రోజంతా హుషారే. “మొండిది, కానీ మంచిది. నీలాగే,” అంటాడు నన్ను చూసి. ముప్పై ఒక్క ఏళ్ళుగా తలుపుల మధ్యే బతికాడు కదా, మనుషుల్ని కూడా తాళాలతోనే కొలుస్తాడు. తాళం వేసి ఒక్కసారి లాగి చూసేవాడు మామూలు మనిషట. మూడుసార్లు లాగేవాడు కట్టుకున్నదాన్ని కూడా నమ్మడట. అసలు లాగనివాడి ఇంట్లో ఏమీ ఉండదట, లేదంటే అన్నీ ఉంటాయట.

పదకొండింటికి పక్కనున్న కుట్టుకొట్టు నుంచి గుండీల మామ చదరంగం బల్ల పట్టుకొచ్చేవాడు. పోయిన ఏనుగు స్థానంలో ఇప్పటికీ దారపు ఉండే. ఆట కంటే మాటలే ఎక్కువ. ప్రభుత్వాల గురించి నాన్న అభిప్రాయం నీకు తెలిసిందే: “ఎవడొచ్చినా జనం తలుపులు వేసుకోవడం మానరు. మన కొట్టు నడుస్తుంది.” ఈ మాటకు నాకు ఒళ్ళు మండేది. పోయిన నెలలో ఒకరోజు మామ ఎత్తబోయిన గుర్రాన్ని మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు.

“రెండు వందల చొక్కాలు కుట్టమన్నారు బావా. బూడిద రంగు. వీధి రక్షణ సంఘం వాళ్ళకి. భుజం మీద పట్టీ. కొలతలే ఇవ్వలేదు.”

“కొలతల్లేకుండా కుడితే ఎవడికి సరిపోతాయి?”

“నేనూ అదే అడిగాను. నువ్వు చొక్కా కుట్టు, దానికి సరిపోయే మనిషిని మేం చూసుకుంటాం అన్నాడు వాళ్ళ మనిషి.”

నేను లోపలి నుంచే అరిచాను. “కుట్టనని చెప్పాల్సింది మామా! నీకు నోరు లేదా?”

“ఏమ్మా నాయకురాలా, నేను కుట్టకపోతే పక్క వీధివాడు కుడతాడు.”

“అందరూ ఆ మాటే అనబట్టే...”

“ఏయ్ కరపత్రమా, ఆకురాయి ఆపి మంచినీళ్ళు పట్రా,” అన్నాడు నాన్న.

తర్వాతి వారం సంఘం మనిషి మన కొట్టుకే వచ్చాడు. కళ్ళద్దాలు, మెత్తటి గొంతు. “పెద్దాయనా, ఈ చుట్టుపక్కల తాళాలన్నీ మీ చేతివే కదా. అగ్నిప్రమాదం, దొంగతనం ఏదైనా జరిగితే పనికొస్తాయి, ఒక్కో తాళంచెవి నకలు మా దగ్గర ఉంచండి,” అన్నాడు.

“తాళం చేశానని ఇల్లు నాది అయిపోదు బాబూ. ఇంటివాళ్ళను అడగండి.”

ఆయన కోప్పడలేదు. నవ్వి, ఒక తాళంకప్ప కొనుక్కుని, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళాడు. మళ్ళీ మంగళవారం పొద్దున్న బండితో వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం ఉంది, వెనక నలుగురు బూడిద చొక్కాలు. నకళ్ళు అడగలేదు. అట్టలున్న సొరుగులు అడిగాడు.

ఆ అట్టల సంగతి నీకు తెలుసు. కొత్త చెవి చేసిన ప్రతిసారీ దాన్ని అట్టముక్క మీద పెట్టి, పళ్ళ చుట్టూ సన్నటి పెన్సిలుతో గీసి, కింద ఒక నంబరు వేస్తాడు. పేరు ఉండదు, ఇల్లు ఉండదు. అదే నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఇంటివాళ్ళకిస్తాడు. చెవి పారేసుకుంటే వాళ్ళు ఆ నంబరు చెప్పాలి, అప్పుడే అట్ట బయటికి వస్తుంది. ఏ నంబరు ఎవరిదో తనకే తెలియకుండా ఏళ్ళ తరబడి జాగ్రత్తపడ్డాడు.

అందుకే నాన్న ఆ రోజు కంగారుపడలేదమ్మా. వాళ్ళకి టీ తెప్పించాడు. “జాగ్రత్త బాబూ, ఆరో సొరుగు అడుగు ఊడింది, కింద చెయ్యి పెట్టి మోయండి,” అని దగ్గరుండి తొమ్మిదీ బండెక్కించాడు. బండి మలుపు తిరగగానే మామ వైపు చూసి కన్ను కొట్టాడు. “ఐదు వందల పన్నెండు అట్టలు. ఏది ఎవడి తలుపుదో వాళ్ళ ముత్తాత దిగొచ్చినా చెప్పలేడు. విసనకర్రలు చేసుకోమను!” మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. నా చేతిలో ఆకురాయి ఉంది, దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అరచేతిలో గీతలు దిగాయి.

నాలుగు రోజుల తర్వాత పేపరు ఏజెంటు కనిపించకుండా పోయాడు. ఆ సంఘం గురించి బజార్లో గట్టిగా మాట్లాడేవాడు, నీకు గుర్తుండే ఉంటాడు. పుట్టింటికి వెళ్ళిన భార్య తిరిగొచ్చేసరికి తలుపుకు తాళం మామూలుగానే వేసి ఉందట. లోపల ఏదీ చెదరలేదట. కాగితాలు మాత్రం లేవు. ఆయన కళ్ళజోడు దిండు పక్కనే ఉంది. కళ్ళజోడు లేకుండా ఆ మనిషి గడప కూడా దాటలేడమ్మా.

తర్వాత రెండు రోజులకి చివరింటి నర్సు వంతు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు నిద్రపోతోంది. మెలకువ వచ్చి చూస్తే ముందు గదిలో బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని ఆమె ఉత్తరాలు చదువుకుంటున్నారు. ఆమె లేచిందని చూసి కూడా ఆ పేజీ చదవడం ముగించి, మడతపెట్టి, లేచి వెళ్ళారట. “పోతూ పోతూ బయటి నుంచి తాళం వేసి వెళ్ళారండీ, నేను లోపలుండగా,” అని కిటికీలోంచే నాన్నకు చెప్పింది.

నాన్న ఆ తాళం విప్పి చూశాడు. వేలికి కొత్త ఇత్తడి పొడి అంటింది. గాడిలో దీపం పెట్టి చాలాసేపు చూశాడు. “ఇది నా అట్ట చూసి కోసిన చెవే. మూడో పన్ను దగ్గర నా పెన్సిలు కొంచెం బయటికి పోతుంది, అట్ట చూసి చేసేటప్పుడు ఆ మేరకు నేను తగ్గించుకుంటాను. వీడికి అది తెలీదు. ఆ పన్నే ఇక్కడ ఒరుసుకుంది,” అన్నాడు.

“అట్ట ఎవరిదో వాళ్ళకెలా తెలిసిందండీ? మీకు తప్ప తెలిసే వీలు లేదు కదా?” అంది నర్సు. తప్పుపట్టే గొంతుతో కాదు. కానీ అడిగింది.

మర్నాటి నుంచి గుండీల మామ రాలేదు. చదరంగం బల్ల వాళ్ళ కొట్లోనే గోడకు ఆనించి ఉంది. మనవైపు చూడకుండా జనం నడుస్తున్నారు. నాన్న ఒళ్ళో తుప్పు తాళం ఉంది, ఊచలు కింద పెట్టేసి ఉన్నాయి. “నాకేమైనా మతిమరుపు వస్తోందా చిన్నీ? జ్వరంలో ఎవరితోనైనా ఏమైనా వాగానా?” అని అడిగాడు.

అమ్మా, వాగింది ఆయన కాదు. రాసింది నేను.

టీచరమ్మ తుంటి ఎలా ఉందని అడిగావు కదా, అక్కడే మొదలైంది ఇదంతా. ఆవిడ పడిపోయిన రోజు చెవీ, బిళ్ళా రెండూ లోపలే ఉన్నాయి. ఆవిడకు స్పృహ లేదు. నాన్న చేతి తాళం నాన్నకే గంటన్నర లొంగలేదు. ఆ గంటన్నరా నేను తలుపు అవతల ఆవిడ మూలుగు వింటూ నిలబడ్డాను. అట్ట మీద ఒక్క పేరు ఉంటే ఐదు నిమిషాల పని! ఈ గుట్టు, ఈ పాతకాలపు చాదస్తం మనుషుల్ని చంపుతుందని ఆ సాయంత్రమే నాన్నతో పోట్లాడాను. ఆయన “నీకు తెలీదు” అని ఊరుకున్నాడు. ఆ మాటంటే నాకెంత మంటో నీకు తెలుసు.

అప్పుడే ఆ సంఘం కొత్తగా పెట్టారు. ‘మన వీధి – మన కాపలా’ అని వాళ్ళ కరపత్రం. ఇరుగుపొరుగు ఒకరి వివరాలు ఒకరు రాసిపెట్టుకోవాలి, దాపరికం ఉన్నచోట సాయం అందదు అని ఉంది అందులో. నాకది వేదంలా కనిపించింది; బూడిద చొక్కాలూ పట్టీలూ అప్పటికింకా రాలేదు. ఇంటింటికీ తిరిగి ఆ కరపత్రాలు పంచింది నేనేనమ్మా. నాన్న జ్వరంతో పడుకున్న వారంలో ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి బిళ్ళ నంబరు అడిగాను. ఫలానా ఆయన కూతురు కదా, నాన్నే అడగమన్నాడేమో అనుకుని నవ్వుతూ చెప్పారు. కొందరు కాఫీ ఇచ్చారు. నాలుగు రోజుల్లో నూట నలభై రెండు అట్టల వెనక పేరూ ఇంటి గుర్తూ రాశాను, చెరిగిపోకుండా సిరాతో. చెప్పనన్నది ఒక్కరే, టీచరమ్మ. మంచం మీద నుంచే, “నువ్వంటే నమ్మకం లేక కాదే. నువ్వు పోయాక కూడా కాగితం ఉంటుంది,” అంది. ముసలితనపు అనుమానం అని వీధి చివరిదాకా ఆవిడను తిట్టుకుంటూ వచ్చాను.

బండి వచ్చిన రోజున నోరు తెరిచి ఉంటే నాన్న ఆ సొరుగులు ఇచ్చేవాడు కాదు. పోనీ వెళ్ళిన మరుక్షణం చెప్పినా పేపరు ఏజెంటు ఇంటికి ముందుగా మేం చేరేవాళ్ళం. నీకు నోరు లేదా అని మామ మీద అరిచిన నోరే ఇది.

పోయిన శుక్రవారం పొద్దున్న నాన్నకు చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. ఆయన నా చేతుల వైపు చూశాడు.

“ఎన్ని ఇళ్ళు?”

“నూట నలభై రెండు.”

“పేర్లన్నీ గుర్తున్నాయా?”

“ఉన్నాయి.”

“పద. తలుపు నువ్వే కొట్టాలి. జరిగింది నువ్వే చెప్పాలి. తాళం నేను చూసుకుంటాను.”

అప్పటినుంచి తిరుగుతున్నాం. ఉన్న తాళాన్నే విప్పి, లోపల చెవి పళ్ళు తగిలే పలకలు మార్చి, కొత్త చెవి ఇంటివాళ్ళ కళ్ళముందే కోసిస్తున్నాడు. అట్ట లేదు, నంబరు లేదు. పన్నెండో ఇంట్లో ఆమె నా చెంప పగలగొట్టింది. నాన్న పక్కనే మరలు విప్పుతూ తల కూడా ఎత్తలేదు. మామ గుమ్మం దగ్గరా నేనే చెప్పాను. మామ విని, “అయితే నేను కుట్టిన చొక్కాలే నా ఇంటికి వస్తాయంటావ్,” అన్నాడు. తర్వాత లోపలికెళ్ళి స్టూలు తెచ్చి నాన్నకు వేశాడు.

“మన తాళం ఎప్పుడు మారుస్తాం?” అని అడిగాను. “ఆఖరున,” అన్నాడు నాన్న.

నిన్నటికి ముప్పై ఏడు అయ్యాయి. ఇంకా నూట అయిదు. ఇవాళ పొద్దున్న మైకు బండి వచ్చింది. అనుమతి లేకుండా తాళం మార్చినవారూ, మార్పించుకున్నవారూ శిక్షార్హులట. నాన్న షట్టరు దగ్గర నిలబడి రెండుసార్లూ పూర్తిగా విన్నాడు. సామాన్ల పెట్టె భుజానికి తగిలించుకుని, “నువ్వు ఇవాళ రావద్దు. అమ్మకు ఉత్తరం రాయి. ఏదీ దాచకు,” అని వెళ్ళిపోయాడు. ఒంటిగంటకల్లా భోజనానికి రావాలి. ఇప్పుడు మూడు దాటింది. అన్నం మీద మూత పెట్టే ఉంది. మైకు బండి ఇంకా తిరుగుతూనే ఉంది, ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా.

మేమిద్దరం కలిసి సంతకం పెట్టిన ఉత్తరం అందేదాకా నువ్వు అక్కడినుంచి కదలకు. ఎవరొచ్చి ఏం చెప్పినా బయలుదేరకు.

నాకు పలకలు మార్చడం వచ్చమ్మా, నాన్న కంటే నెమ్మదిగా. పాత సంచిలో ఊచలూ, ఆకురాయీ, పళ్ళు కోయని చెవులూ సర్దుకున్నాను. ఉత్తరం డబ్బాలో వేసి అటు చివరినుంచి మొదలుపెడతాను. నాన్న ఇటునుంచి వస్తున్నాడు. మధ్యలో ఎక్కడో ఒక గుమ్మం దగ్గర ఎదురుపడతాం. ఎదురుపడతామనే అనుకుంటున్నాను.

ఇట్లు,
నీ చిన్నకూతురు